బెంగళూరులో మన తెలుగు సంఘానికి క్రిస్మస్ సినిమా చూపించడం ఎలా?

నవంబరు చివరికొచ్చేసరికి కేఆర్ పురం నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా తెలుగు సంఘాల యూత్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. "యేసు పుట్టుక మీద మంచి సినిమా ఏది? చర్చి హాల్లో వేసుకోవచ్చా? తెలుగులో దొరుకుతుందా?" సినిమా పేరు చెప్పడం తేలికే. సాయంత్రం పాడయ్యేది మాత్రం పేరు వల్ల కాదు. చివరి వరుసలో కూర్చున్న పెద్దావిడకు మాట వినపడక, అక్షరం కనపడక పాడవుతుంది. అందుకే ఇక్కడ ప్రతి పనినీ ఆ చివరి వరుసను దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాం. 80 నుంచి 120 మంది పట్టే హాలు, ఒక సాయంత్రం, మామూలు బడ్జెట్ అనుకుని రాసిన లెక్కలివి.

ఏమేం కావాలి

- ప్రొజెక్టర్: 8 అడుగుల వెడల్పు తెరకు 2,500 ఆన్సీ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు), 12 అడుగుల తెరకు 3,500 లేదా అంతకు పైన. పెట్టె మీద ఉత్త "ల్యూమెన్స్" అని పెద్ద అంకె వేసిన చవక ప్రొజెక్టర్లను నమ్మకండి. "ఆన్సీ" అన్న మాట ఉందో లేదో చూడండి.
- తెర, లేదా ముడతలు లేని మందపాటి తెల్లగుడ్డ
- వీఎల్‌సీ ప్లేయర్ (వీడియోలు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్) ఉన్న ల్యాప్‌టాప్, దాని చార్జర్
- హెచ్‌డీఎంఐ కేబుల్: 10 మీటర్ల లోపు
- చర్చి మిక్సర్, స్పీకర్లు. ల్యాప్‌టాప్ నుంచి మిక్సర్‌కు ఒక పక్క 3.5 ఎంఎం స్టీరియో పిన్ను, రెండో పక్క రెండు మోనో పిన్నులు ఉండే కేబుల్. ఎస్పీ రోడ్‌లో ఏ ఆడియో షాపులో అడిగినా ఇస్తారు.
- యూపీఎస్. డిసెంబరులో కూడా కరెంటు చెప్పి పోదు.
- సినిమా ఫైలు రెండు చోట్ల: ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి
- సినిమా చూపించడానికి రాతపూర్వక అనుమతి

1. తేదీ, వేళ ఖాయం చేయండి

డిసెంబరు 20 దాటితే బెంగళూరు తెలుగువాళ్లలో సగంమంది ఊరి బస్సు ఎక్కేస్తారు. ఉన్నవాళ్లు క్యారల్ రౌండ్స్‌లో ఉంటారు. రెండో శనివారం గానీ మూడో శనివారం గానీ మంచిది. డిసెంబరులో ఇక్కడ ఆరు గంటలకల్లా సూర్యాస్తమయం. ఆరుబయట తెర కడితే 6:30కి ముందు బొమ్మ సరిగా కనపడదు. 6:45కి మొదలుపెట్టి 8:30కి ముగిసేలా చూసుకోండి. ఆదివారం రాత్రి పెడితే మర్నాటి స్కూలు గుర్తొచ్చి పిల్లలున్నవాళ్లు సగంలోనే లేచిపోతారు.

ఆరుబయటైతే లౌడ్‌స్పీకర్‌కు స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట స్పీకర్లు పెట్టకూడదు. నివాస ప్రాంతాల్లో శబ్ద పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పక్క అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ముందే ఒక మాట చెప్పండి. ఫిర్యాదులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

2. సినిమాను ఎంచుకోండి

ముందు మీ సంఘం భాషను చూసుకోండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలకు, తాతయ్యలకు తెలుగు చదవడం వచ్చు గానీ ఇంగ్లీషు డైలాగు అందదు. ఇక్కడి స్కూళ్లలో చదివే పిల్లలకు ఇంగ్లీషు, కన్నడం వచ్చు. తెలుగు మాట్లాడతారు గానీ చాలామంది చదవలేరు. అంటే అందరికీ అందేవి రెండే దారులు: తెలుగు మాటలున్న సినిమా, లేదా ఇంగ్లీషు మాటలతో, తెలుగు సబ్‌టైటిల్స్‌తో నడిచే సినిమా. ఇంగ్లీషు సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడితే పెద్దవాళ్లకు ఏ మేలూ జరగదు. చాలాచోట్ల చేసే మొదటి పొరపాటు ఇదే.

ఇప్పుడు ఒక్కో సినిమా సంగతి.

కరుణామయుడు (1978). ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వం, క్రీస్తుగా విజయచందర్. మన పెద్దవాళ్లకు ఇంతకంటే దగ్గరి సినిమా లేదు. కానీ ఇది క్రీస్తు జీవితమంతా చెప్పే సినిమా. జననం మొదట్లో వచ్చి వెళుతుంది, కథ సిలువ దాకా సాగుతుంది. క్రిస్మస్ సాయంత్రానికి పూర్తిగా వేస్తే పిల్లలు నిద్రపోతారు. గుడ్ ఫ్రైడేకి ఉంచుకోవడమే మేలు.

జీసస్ (1979). లూకా సువార్త ఆధారంగా తీసింది. ప్రపంచంలో అత్యధిక భాషల్లోకి వెళ్లిన సినిమాగా పేరు. తెలుగు మాటలతో ఉంది, నిర్మాతల యాప్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఇందులోనూ జననం తొలి నిమిషాల్లోనే ముగుస్తుంది. దీన్ని సాయంత్రానికి ముఖ్య సినిమాగా కాక, క్యారల్స్‌కీ వాక్యానికీ మధ్య వేసే చిన్న భాగంగా వాడండి. సండే స్కూలుకు చక్కగా సరిపోతుంది.

ది నేటివిటీ స్టోరీ (2006). దర్శకురాలు కేథరిన్ హార్డ్‌విక్. మరియగా కీషా కాసిల్-హ్యూస్, యోసేపుగా ఆస్కార్ ఐజాక్. సుమారు గంటా నలభై నిమిషాలు. మొత్తం కథ జననం గురించే: గబ్రియేలు దూత, ఎలీసబెతు ఇల్లు, నజరేతు నుంచి బేత్లెహేముకు ప్రయాణం, జ్ఞానులు, ఐగుప్తుకు పారిపోవడం. "ఒక్కటే చెప్పండి" అని అడిగితే మా సమాధానం ఇదే. అన్నిటికంటే బాగా పలికింది యోసేపు పాత్ర. ఊరి మాటలు పడుతూ, నోరు మెదపకుండా, గర్భవతి అయిన భార్యను గాడిద మీద కూర్చోబెట్టుకుని నడిచిన మనిషిని ఇంత శ్రద్ధగా చూపించిన సినిమాలు తక్కువ. ఒక హెచ్చరిక: సినిమా మొదలయ్యేదే హేరోదు సైనికులు బేత్లెహేములో పసిపిల్లల మీద పడే దృశ్యంతో. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే ఆ నిమిషాలు దాటించి మొదలుపెట్టండి, లేదా వాళ్లను పది నిమిషాలు ఆగి లోపలికి తీసుకురండి. ప్రసవ వేదన దృశ్యం కూడా ఉంది, మర్యాదగానే తీశారు. ఈ సినిమాలో కనిపించే రాతి ఇళ్లు ఇటలీలోని మతేరా ఊరివి. 1964లో ఇటలీ దర్శకుడు పసోలినీ మత్తయి సువార్తను తెరకెక్కించిందీ అక్కడే.

ది స్టార్ (2017). యానిమేషన్, 86 నిమిషాలు. జననం కథను బో అనే గాడిద వైపు నుంచి చెబుతుంది. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలే ఎక్కువగా ఉంటే ఇది వేయండి. జంతువుల హాస్యం పెద్దవాళ్లందరికీ నచ్చకపోవచ్చు.

జీసస్ ఆఫ్ నజరెత్ (1977). ఇటలీ దర్శకుడు జెఫిరెల్లీ టీవీ కోసం తీసింది, మొత్తం ఆరు గంటలకు పైనే. జననం చాలా విస్తారంగా, నెమ్మదిగా ఉంటుంది. ఓపికున్న పెద్దల గుంపుకు మొదటి భాగం వరకు వేయొచ్చు.

నక్షత్రం, తొట్టి కాకుండా క్రిస్మస్ కాలపు కథ కావాలంటే ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946) ఉంది. 130 నిమిషాలు, నలుపు తెలుపు. ఆత్మహత్య ఆలోచన కథకు మూలం, కాబట్టి అది పెద్దలకే. హోమ్ అలోన్ (1990) ఇంట్లో చూసుకునేది, చర్చి సాయంత్రానికి అక్కర్లేదు.

3. అనుమతి సంపాదించండి

ఈ మెట్టును వదిలేయకండి. డీవీడీ కొన్నా, ఓటీటీకి డబ్బు కట్టినా అది ఇంట్లో చూసుకోవడానికే. టికెట్ లేదు, కానుక పట్టలేదు అన్నంత మాత్రాన హాల్లో వందమందికి చూపించే హక్కు రాదు. మతపరమైన కార్యక్రమాలకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉందని చాలామంది అంటారు. ఉంది, కానీ అది పాటలకు, నాటకాలకు, సౌండ్ రికార్డింగులకు చెప్పింది. సినిమాలు అందులో లేవు. సినిమాలకు మినహాయింపు విద్యాసంస్థలకు ఉంది, అదీ ప్రేక్షకులు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థకు సంబంధించినవారు మాత్రమే అయినప్పుడు.

చేయాల్సింది ఇది: హక్కులున్న సంస్థకు లేదా దాని భారతీయ పంపిణీదారుకు ఈమెయిల్ రాయండి. తేదీ, స్థలం, ఎంతమంది, టికెట్ లేదన్న సంగతి, తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటామన్న సంగతి, అన్నీ ఒకే ఉత్తరంలో ఉండాలి. జవాబుకు నాలుగు వారాలు గడువు ఉంచుకోండి, అంటే నవంబరు మొదట్లోనే రాయాలి. బహిరంగంగా ప్రదర్శించే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, అదీ అడిగి తెలుసుకోండి. జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టు కాదు. అప్పుడు ఉచితంగా చూపించుకోనిచ్చే 1979 జీసస్‌కు మారండి (యాప్‌లోని షరతులు చదివి), లేదా కింద చెప్పిన మూకీ దారి పట్టండి.

2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మేరీ గురించి కూడా అడుగుతున్నారు. అది సొంత ఖాతాలో ఇంటివాళ్లతో చూసుకునేది. పైగా చాలా ఓటీటీలు ఫోన్ నుంచి ప్రొజెక్టర్‌కు పంపితే శబ్దం వస్తుంది, తెర నల్లగా ఉండిపోతుంది. అది కేబుల్ లోపం కాదు, కాపీ కాకుండా పెట్టిన రక్షణ.

4. పూర్తిగా ఒకసారి చూసి, నిమిషాలు రాసుకోండి

ట్రైలర్ చూసి నిర్ణయించకండి. ఇద్దరు కూర్చుని, పక్కన లూకా 1, 2 అధ్యాయాలు, మత్తయి 1, 2 అధ్యాయాలు తెరిచి పెట్టుకుని చూడండి. రెండు జాబితాలు రాయండి. ఒకటి: పిల్లలకు కష్టమైన దృశ్యాలు, ఏ నిమిషంలో మొదలై ఏ నిమిషంలో ముగుస్తాయో. రెండు: సినిమాలో ఉండి సువార్తలో లేనివి. ఈ రెండో జాబితా సినిమా అయ్యాక పనికొస్తుంది. ఉదాహరణకు ఇవి చూడండి:

- జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు. బంగారము, సాంబ్రాణి, బోళము అని మూడు కానుకలు చెప్పాడు, అంతే.
- జ్ఞానులు శిశువును చూసింది ఇంట్లో (మత్తయి 2:11). చాలా సినిమాల్లో గొర్రెల కాపరులతో పాటు అదే రాత్రి పశువుల పాకలోకి వచ్చేస్తారు.
- హేరోదు రెండేళ్లలోపు మగపిల్లలను చంపించాడు (మత్తయి 2:16). జ్ఞానులు వచ్చేసరికి కొంతకాలం గడిచిందని దీన్నిబట్టే అంటారు.
- మరియ గాడిద మీద వెళ్లినట్టు ఏ సువార్తలోనూ లేదు.
- తలుపు వేసి పొమ్మనే సత్రపు యజమాని లూకాలో లేడు. సత్రములో స్థలము లేదన్న మాట మాత్రమే ఉంది.

ఇవి సినిమా తప్పులని చెప్పడానికి కాదు. దర్శకులు రెండు సువార్తలను కలిపి ఒకే కథగా అల్లుతారు. ఆ అతుకు ఎక్కడుందో పిల్లలకు తెలిస్తే, ఇంటికెళ్లి వాళ్లే బైబిలు తెరుస్తారు.

5. తెలుగు సబ్‌టైటిల్స్ సిద్ధం చేయండి

అనుమతి ఉత్తరంలో దీనికి ఒప్పుకున్నారని చూసుకున్నాకే మొదలుపెట్టండి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

ఒక్కోసారి తెర మీద రెండు వరుసలే ఉండాలి, వరుసకు 30–35 అక్షరాలు మించకూడదు. రెండు నిండు వరుసలకు ఐదారు సెకన్లు ఇవ్వండి. ప్రతి మాటనూ అనువదించాలని పట్టుబడితే చదివేలోపే మాయమవుతుంది. సంభాషణ సారం తగ్గించి రాయండి. పేర్లు మాత్రం మన బైబిల్లో ఉన్నట్టే ఉండాలి: యోసేపు, ఎలీసబెతు, జెకర్యా, హేరోదు. "జోసెఫ్", "హెరోడ్" అని రాస్తే పెద్దవాళ్లు ఒక్క క్షణం ఆగిపోతారు, ఈలోపు తర్వాతి వరుస వెళ్లిపోతుంది.

ఫైలును యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలు చెడకుండా ఉంచే ఎన్‌కోడింగ్) సేవ్ చేయండి. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ దగ్గర ఎన్‌కోడింగ్ కూడా అదే పెట్టి, ఫాంటుగా నిర్మలా యూఐ లేదా నోటో సాన్స్ తెలుగు ఎంచుకోండి. ఈ పని చేయకపోతే డబ్బాలు కనిపిస్తాయి, లేదా ఒత్తులు పక్కకు జారిపోతాయి. పెన్‌డ్రైవ్‌ను నేరుగా ప్రొజెక్టర్‌లో గుచ్చినా ఇదే సమస్య రావచ్చు. వాటి సొంత ప్లేయర్లలో చాలావాటికి తెలుగు ఒత్తులు రావు. కాబట్టి ల్యాప్‌టాప్ నుంచే నడపండి.

అక్షరం ఎత్తు తెర ఎత్తులో ఇరవయ్యో వంతు ఉండాలి. 12 అడుగుల వెడల్పు తెర మీద అది సుమారు నాలుగు అంగుళాలు. తెలుపు అక్షరం, నల్ల అంచు. పసుపు కూడా బాగుంటుంది.

సరిచూడటం: సినిమా మొదట్లో, మధ్యలో, చివర్లో ఒక్కో డైలాగు దగ్గర ఆపి చూడండి. మూడు చోట్లా ఒకే తేడా ఉంటే వీఎల్‌సీలో హెచ్ నొక్కితే సబ్‌టైటిల్ ఆలస్యంగా వస్తుంది, జీ నొక్కితే త్వరగా వస్తుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే అది ఫ్రేమ్ రేటు గొడవ: ఫైలు సెకనుకు 25 ఫ్రేములకు (బొమ్మలకు), సినిమా 23.976 ఫ్రేములకు ఉన్నట్టు. గంటన్నర సినిమాకు ఇది దాదాపు నాలుగు నిమిషాల తేడా తెస్తుంది. మీటలతో సర్దుకోలేరు, సబ్‌టైటిల్ ఎడిట్‌లో ఫ్రేమ్ రేటు మార్చి మళ్లీ సేవ్ చేయాలి.

6. తెర కట్టండి, ప్రొజెక్టర్ పెట్టండి

తెర కింది అంచు నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తులో ఉండాలి. సబ్‌టైటిల్స్ వచ్చేది కిందనే, ముందు వరుసల తలలు అడ్డొచ్చేదీ అక్కడే. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌ల్లో సీలింగు తక్కువ కాబట్టి 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు తెర చాలు. చర్చి హాలు ఎత్తుగా ఉంటే 12 అడుగుల తెర. చివరి కుర్చీ తెర ఎత్తుకు ఆరు రెట్లు దాటకూడదు: నాలుగున్నర అడుగుల ఎత్తుకు 27 అడుగులు, ఆరుముప్పావు అడుగుల ఎత్తుకు 40 అడుగులు.

ప్రొజెక్టర్ దూరం తెలుసుకోవాలంటే దాని త్రో రేషియోను (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) తెర వెడల్పుతో గుణించండి. రేషియో 1.5 అయితే 8 అడుగుల తెరకు 12 అడుగులు, 12 అడుగుల తెరకు 18. అద్దెకిచ్చేవాళ్లను మోడల్ నంబరు అడిగి ముందే లెక్క వేసుకోండి. అక్కడికి వెళ్లాక చూద్దామనుకుంటే ప్రొజెక్టర్ సరిగ్గా నడిచే దారి మధ్యలోకి వస్తుంది.

బొమ్మ పక్కకు వాలితే కీస్టోన్ (వాలిన బొమ్మను సరిచేసే) బటన్ జోలికి ముందే వెళ్లకండి, దానివల్ల అక్షరాలు మసకబారతాయి. ప్రొజెక్టర్‌నే తెర మధ్యకు ఎదురుగా జరపండి. గుడ్డ తెరైతే కింది అంచులో పైపు దూర్చి బరువు పెట్టండి. ఆరుబయట బెంగళూరు గాలికి వదులు గుడ్డ ఊగుతూనే ఉంటుంది.

7. శబ్దం: ఎక్కువ చెడిపోయేది ఇక్కడే

ప్రొజెక్టర్ లోపలి స్పీకరు వందమందికి చాలదు. బ్లూటూత్ స్పీకర్ వద్దు, పెదాలు కదిలాక మాట వస్తుంది. వైరే వాడండి.

అన్నిటికంటే తికమక పెట్టే లోపం ఒకటుంది: సంగీతం వస్తూనే ఉంటుంది, మాటలు మాత్రం మాయమవుతాయి. సినిమా ఫైలు చెడిందని అందరూ అనుకుంటారు. కారణం కేబుల్. ల్యాప్‌టాప్ స్టీరియో పిన్నును మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో నేరుగా గుచ్చితే ఎడమ, కుడి చానళ్లు ఒకదానినొకటి కొట్టేస్తాయి. మాటలు రెండింటిలో సమానంగా ఉంటాయి కాబట్టి అవే పోతాయి. పైన చెప్పిన రెండు పిన్నుల కేబుల్‌తో రెండు వేర్వేరు చానళ్లలోకి ఇస్తే సమస్య ఉండదు. మాటలు పూర్తిగా పోకుండా సన్నగా వినపడుతుంటే ఫైల్లో 5.1 ఆడియో (ఆరు చానళ్లకు పంచిన శబ్దం) ఉందేమో చూసి, స్టీరియో ట్రాక్‌కు మారండి.

"భూం" అని హమ్ వస్తుంటే ఒక్కసారి ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిందంటే అది ఎర్తింగ్ గొడవ. చార్జర్‌నూ మిక్సర్‌నూ ఒకే బోర్డులో పెట్టండి, అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ (ఆడియో వైరు మధ్యలో పెట్టే, హమ్‌ను ఆపే చిన్న పరికరం) కొనండి.

ప్రొజెక్టర్‌కూ మిక్సర్‌కూ మధ్య దూరం ఎక్కువైతే ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్ పక్కనే ఉంచి, ఆడియోను డీఐ బాక్స్ (శబ్దాన్ని మైక్ కేబుల్‌కు తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) ద్వారా మైక్ కేబుల్‌లో పంపండి. పొడవాటి హెచ్‌డీఎంఐ కంటే అది నమ్మకం.

8. ముందురోజు రాత్రి చివరి కుర్చీ పరీక్ష

అదే చీకట్లో, అవే వైర్లతో పెట్టి చూడండి. పగటిపూట ట్రయల్‌కు విలువ లేదు. ఒక పెద్దాయనను చివరి వరుస మూల కుర్చీలో కూర్చోబెట్టి, ముందు కుర్చీల్లో నలుగురు పొడుగు కుర్రాళ్లను కూర్చోమనండి. ఆయన కింది వరుస సబ్‌టైటిల్ పైకి చదవాలి. గుసగుసగా మాట్లాడే ఒక దృశ్యం, గుంపు అరిచే ఒక దృశ్యం వేసి, రెండూ ఆయనకు సరిగ్గా వినిపించాయేమో అడగండి. ఖాళీ హాల్లో సరిపోయిన శబ్దం మనుషులు నిండాక తగ్గుతుంది, కాబట్టి మిక్సర్‌లో కొంచెం ఖాళీ మిగలాలి.

ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ ఆపండి, స్లీప్ మోడ్ తీసేయండి, వాట్సాప్ మూసేయండి. మరియకు దూత కనిపించే వేళ ఎవరి మెసేజో తెర మీద పడకూడదు.

9. ఆ సాయంత్రం

తెర పక్కనున్న నక్షత్రాన్ని, సీరియల్ లైట్లను ఆర్పేయండి. బయటికి వెళ్లే దారి లైటు ఒకటి వెలగనివ్వండి. కేకు, టీ సినిమా అయ్యాకే. ముందే పంచితే ప్లేట్ల చప్పుడు మొదటి అరగంటను మింగేస్తుంది. ల్యాప్‌టాప్ దగ్గర ఒకరు, మిక్సర్ దగ్గర ఒకరు, తలుపు దగ్గర ఒకరు చివరిదాకా కదలకూడదు.

సినిమా అయ్యాక నాలుగో మెట్టులో రాసుకున్న జాబితాతో పిల్లలను అడగండి: "ఇందులో బైబిల్లో ఏది ఉంది, ఏది లేదు?" పావుగంట చాలు. పెద్దవాళ్లకు కథ అందిందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. మధ్యలో ఏం జరిగిందో వాళ్లు పిల్లల్ని అడుగుతుంటే, వచ్చే ఏడాది సబ్‌టైటిల్స్ ఇంకా తగ్గించి రాయాలన్నమాట.

అనుమతి దొరక్కపోతే: మూకీ సినిమా, తెలుగు వాక్యం

ఇది సర్దుబాటు దారి కాదు. మా దృష్టిలో మన సంఘాలకు అన్నిటికంటే అందమైన దారి. ఫ్రమ్ ది మేంజర్ టు ది క్రాస్ అనే మూకీని సిడ్నీ ఓల్కాట్ 1912లో ఐగుప్తులో, పాలస్తీనాలో తీశాడు. ఐగుప్తుకు పారిపోయే ఘట్టంలో స్ఫింక్స్ దగ్గర నిజంగానే కెమెరా పెట్టారు. మన చట్టంలో సినిమా కాపీరైటు విడుదల తర్వాత 60 ఏళ్లు. దీనికి అది ఎప్పుడో తీరిపోయింది.

సెన్సార్ సర్టిఫికెట్ సంగతి దీనికీ అడిగి తెలుసుకోండి. ఇంకో జాగ్రత్త ఉంది. ఇప్పుడు దొరికే కాపీల్లో కొత్తగా కట్టిన సంగీతానికి వేరే హక్కులు ఉండొచ్చు. అందుకని శబ్దం పూర్తిగా ఆపేయండి. మీ కీబోర్డు, మీ గాయక బృందం ఉన్నారు కదా.

జననం నుంచి ఐగుప్తు దాకా ఉన్న భాగమే వేయండి. మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాల పలకలు చాలావరకు బైబిలు వచనాలే. వాటిని వరుసగా రాసుకుని, ఎదురుగా తెలుగు బైబిల్లోని అదే వచనం రాయండి. మంచి గొంతున్న ఇద్దరు, ఒక పెద్దావిడ, ఒక యువకుడు, మైకులో చదవాలి. పలక కనిపించగానే చదవడం మొదలుపెట్టాలి. తెలుగు వచనం పొడుగైతే స్పేస్ బార్ నొక్కి బొమ్మను ఆపండి, చదివాక వదలండి. చదివేవాళ్ల వెనక కీబోర్డు సన్నగా ఉండాలి, పలక లేనప్పుడే పెంచాలి. కనీసం మూడు రిహార్సల్స్ కావాలి. మొదటిసారి తప్పకుండా తెర కంటే వెనకబడతారు.

చదవడం రాని పిల్లలకు, ఇంగ్లీషు అందని పెద్దలకు, ఇద్దరికీ ఇందులో ఒకే భాష వినిపిస్తుంది. సబ్‌టైటిల్స్ పని కూడా ఉండదు.

సర్దేటప్పుడు

ల్యాంపు ప్రొజెక్టర్‌ను రిమోట్‌తో ఆపి, లోపలి ఫ్యాన్ తిరగడం ఆగేదాకా ప్లగ్ తీయకండి. వేడి మీద కరెంటు తీస్తే ల్యాంపు పోతుంది, అద్దెకిచ్చినవాళ్లు దాని ఖరీదు మీ దగ్గరే వసూలు చేస్తారు. యూపీఎస్ అడిగిందీ ప్రధానంగా ఇందుకే. సబ్‌టైటిల్ ఫైలు, నిమిషాల జాబితా, అనుమతి ఈమెయిల్ ఒకే ఫోల్డర్‌లో పెట్టి సంఘ కార్యదర్శికి ఇచ్చేయండి.